కోటేశ్వరి ఎందుకు ఏడవలేదు

ఈ మధ్య ఒక పిల్ల మా ఇంటికి వచ్చింది. సైకాలజీ చదివి, ఆస్పత్రి ఉద్యోగంలో కొత్తగా చేరబోతోంది. కాఫీ తాగుతూ, "మేడం, మీ సర్వీసులోంచి రెండు ముక్కలు చెప్పండి, గుర్తుపెట్టుకుంటాను" అంది. రెండు ముక్కల్లో తేలిపోయేదైతే నేనెందుకమ్మా అన్నేళ్లు ఆ గదిలో మగ్గిపోవడం? అప్పుడేమీ చెప్పలేదు. ఆ పిల్ల వెళ్లాక కూర్చుని ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఎవరి మీద ఎవరు పైకి రాశారు, ఆ గొడవేమీ ఇందులో ఉండదు. ఎక్కువగా ఒక్క మనిషి సంగతే ఉంటుంది. ఆ మనిషి పేరు మార్చాను. ఊరి పేరు చెప్పను.

మా గది, మా పెద్ద డాక్టరు గారు

నేను పనిచేసింది గుంటూరు వైపు ఒక ఆస్పత్రి మానసిక విభాగంలో. తొంభైల చివరి రోజులు. నా ఉద్యోగం పేరు క్లినికల్ సైకాలజిస్టు. ఆ పేరు జనానికి నోరు తిరిగేది కాదు, అందుకని నేను "మాటల డాక్టరమ్మ"ను. మందులు రాసేది పెద్ద డాక్టరు గారు, మాట్లాడేది నేను. పిడుగురాళ్ల బస్సు, పొదిలి బస్సు వచ్చేసరికి వరండా నిండిపోయేది. సున్నం బట్టీల్లో పనిచేసేవాళ్లు, చీమకుర్తి క్వారీ కూలీలు, పత్తి పోయి నిద్ర పట్టని రైతులు. మిరప కోతల రోజుల్లో పొలం నుంచి నేరుగా వచ్చినవాళ్లు లోపలికి అడుగుపెడితే గదిలో అందరికీ తుమ్ములే.

పెద్ద డాక్టరు గారు మంచి మనిషి. ఎవరి దగ్గరా చెయ్యి చాచేవారు కాదు, ఎవరినీ కసిరేవారు కాదు. కానీ తొందర. "పేషెంటు గుమ్మం దాటి కుర్చీ దాకా వచ్చేలోపు సగం జబ్బు తెలిసిపోవాలమ్మా" అనేవారు. వరండాలో అంతమందిని పెట్టుకుని ఆయన మాత్రం ఏం చేస్తారు? గట్టి పిచ్చి అయితే నిజంగానే తెలిసిపోతుంది. కానీ గుమ్మం దగ్గర తెలిసేది గుమ్మం దగ్గరి సంగతే. కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట ఇదే.

ఆటిజం అనే మాట అప్పట్లో మా దగ్గరికి చిన్నపిల్లలతోనే వచ్చేది. మాట రాని పిల్లాడు, పిలిస్తే పలకని పిల్లాడు, బొమ్మకారు చక్రం తిప్పుకుంటూ కూర్చునే పిల్లాడు. మాటలొచ్చి, చదువుకుని, పెళ్లయి కాపురం చేసుకుంటున్న మనిషిలో కూడా అది ఉండొచ్చునని మా పుస్తకాల్లో ఎక్కడో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉండేది. మూలనున్నదాన్ని చదివే తీరిక ఎవరికి?

చావింట్లో పొయ్యి రాజేసిన మనిషి

కోటేశ్వరిని మా దగ్గరికి తెచ్చింది ఆమె అత్తగారు సామ్రాజ్యమ్మ గారు. వెంట ఇద్దరు ఊరి పెద్దలు. కోటేశ్వరి అన్న రమణయ్య పొదిలి నుంచి వచ్చి, గోడకి ఆనుకుని తల వంచుకుని నిలబడ్డాడు.

కోటేశ్వరి భర్త శ్రీను పత్తికి మందు కొడుతూ చేలోనే పడిపోయాడు. ముక్కుకి గుడ్డ కూడా కట్టుకోకుండా, గాలికి ఎదురుగా కొట్టాడట. ఆటోలో వేసుకుని వచ్చేలోపే దారిలో పోయాడు. చిన్న వయసు.

మన పల్లెల్లో చావింట్లో ఆడవాళ్లు ఎలా ఏడుస్తారో మీకు తెలుసు. ఊరికే కన్నీళ్లు పెట్టుకుంటే చాలదు. వచ్చిన ప్రతి చుట్టం మెడనూ వాటేసుకుని, పోయినవాడి మంచితనమంతా రాగం తీసి చెప్పుకుంటూ ఏడవాలి. కొత్త చుట్టం గుమ్మంలో కనపడితే మళ్లీ మొదటి నుంచీ. సామ్రాజ్యమ్మ గారికి ఇందులో ఊళ్లో పేరు. ఆవిడ శోకం అందుకుంటే దారిన పోయేవాళ్లు కూడా ఆగి కళ్లు తుడుచుకుంటారని వెంట వచ్చిన పెద్దాయనే చెప్పాడు.

ఆ రోజు కోటేశ్వరి ఏడవలేదు. మెడ పట్టుకోబోయిన మేనత్తను తోసేసింది. రెండు చెవులూ మూసుకుని గొడ్లచావిడిలోకి పోయి, గోడకేసి మొహం పెట్టి నిలబడింది. శవాన్ని తీసుకెళ్లాక బయటికి వచ్చి, పొయ్యి రాజేసి, పప్పుచారు కాచింది. కంచంలో అన్నం పెట్టి, శ్రీను రోజూ కూర్చునే చోట పెట్టింది.

"కట్టుకున్నోడు పోతే కుక్కైనా మూలుగుద్దమ్మా!" అన్నారు సామ్రాజ్యమ్మ గారు నా బల్ల మీద అరచేత్తో కొట్టి. "దీని కంట్లో చుక్క నీళ్లు చూళ్లా నేను. చావింట్లో పొయ్యి రాజేసి పప్పుచారు కాసింది, పప్పుచారు! నా కొడుకు మందు గాలికే పోయాడో, దీని మొహం చూళ్లేక తాగే పోయాడో ఆ దేవుడికే తెలియాల!"

ఆవిడ మీద నాకు అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు లేదు. ఎదిగిన కొడుకు పోయిన తల్లి, ఎవరినో ఒకరిని తిట్టకపోతే ఆవిడ గుండె పగిలిపోయేది.

వాళ్లు వచ్చిన పని మాత్రం వేరు. కోటేశ్వరికి ఒక కూతురుంది, అనూష, అప్పటికి బడికి పోయే వయసు. చావు జరిగిన రోజు నుంచీ పిల్లను నాయనమ్మే తన దగ్గర పెట్టుకుంది. కోడలికి పిచ్చి అని డాక్టరు నోట అనిపించుకుంటే, పిల్లను ఉంచేసుకుని ఈమెను పుట్టింటికి పంపేయొచ్చు. అదీ సంగతి.

పెద్ద డాక్టరు గారు అడగాల్సినవి అడిగారు. "మనుషులు కనపడకుండా మాటలు వినపడతాయా అమ్మా?"

"వినపడతాయండి."

"నీ గురించి మాట్లాడుకుంటారా?"

"మాట్లాడుకుంటారండి."

"ఎప్పటి నుంచి?"

"పెళ్లయి ఈ ఊరొచ్చినప్పటి నుంచండి."

ఆయన నా వైపు చూసి, ఇంకేం కావాలమ్మా అన్నట్టు తలూపారు. ఆమెను వార్డులో చేర్చుకుని ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.

బొట్టు వైపు చూసే చూపు

మర్నాడు ఆమెను నా గదికి పిలిపించాను. లోపలికి రాగానే నవ్వి, "రండి రండి, కాళ్లు కడుక్కోండి, బాగున్నారా, పిల్లలు బాగున్నారా" అంది. నా గదికి వచ్చి నన్నే రమ్మంటోంది! ఆ పలకరింపంతా ఒక్క ఊపులో, బడిపిల్ల పద్యం అప్పజెప్పినట్టు వచ్చింది. నవ్వు కూడా అంతే, మొహం మీద పెట్టి తీసేసినట్టుంది. వదిన చుట్టాలను పలకరించే తీరు చూసి నేర్చుకున్నానని తర్వాత ఆమే చెప్పింది.

మాట్లాడుతున్నంతసేపూ నా మొహం వైపే చూస్తోంది గానీ, ఆ చూపు నాకు తగలడం లేదు. "ఎక్కడ చూస్తున్నావమ్మా?" అని అడిగాను.

"మీ బొట్టు వైపండి. కళ్లలోకి చూస్తే మాట వినపడదు నాకు. మా అమ్మ మనిషి మొహం చూసి మాట్లాడమని కొట్టేది. అందుకని ఆడవాళ్లయితే బొట్టు చూస్తానండి."

"మగవాళ్లయితే?"

"మీసం."

నవ్వొచ్చింది నాకు. ఆమె మాత్రం నవ్వలేదు. అది ఆమెకు హాస్యం కాదు.

అప్పుడు డాక్టరు గారి ప్రశ్నకే మళ్లీ వచ్చాను. కనపడకుండా వినపడే మాటలు ఎవరివమ్మా అంటే, "గోడవతల వార్డులోవాళ్లవండి. మీకు వినపడట్లేదా?" అంది. చెవి పెట్టి వింటే నిజమే, ఎవరో ముసలాయన కొడుకుని తిడుతున్నాడు. నీ గురించి ఎవరు మాట్లాడుకుంటారంటే, మిరపకాయలు కోసేటప్పుడు పక్క సాళ్లలో ఆడవాళ్లు తనను పొగరుబోతంటారని చెప్పింది. అదీ నిజమే అయ్యుంటుంది. ఈ ఊళ్లలో నలుగురితో కలిసి కబుర్లాడని ఆడమనిషికి ఇంకో పేరు ఎవరు పెడతారు?

"శ్రీను పోయిన రోజు ఎందుకు ఏడవలేదమ్మా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. నేను రెట్టించలేదు. మీరూ రెట్టించొద్దు, ఇలాంటివాళ్లకు జవాబు రావడానికి దారి కాస్త పొడుగు.

"పోయాడనగానే లోపలంతా ఆగిపోయిందండి. నేనింకా అక్కడే ఉన్నా. ఈలోగా అందరూ ఒక్కసారిగా అరిచారు. మెడ పట్టుకున్నారు. ఒళ్లు కాలినట్టయింది."

"మరి పప్పుచారు ఎందుకు కాచావు?"

"చేలోంచి వచ్చేసరికి కాచి ఉంచమన్నాడండి. పొద్దున పోతా పోతా చెప్పాడు."

నాకు దుఃఖం ఆగలేదు. ఆమె ఎదుటే ఏడ్చాను. ఆమె నా బొట్టు వైపు చూడ్డం మానేసి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది, నన్ను ఇబ్బంది పెట్టకూడదని.

పొదిలి టీచరమ్మ

పెద్దవాళ్లలో ఈ ఆటిజం ఉందేమో అనిపిస్తే వాళ్ల పసితనం దగ్గరికి వెళ్లాలి. ఇప్పటి మొహం చూసి తేల్చడానికి లేదు, ఎందుకంటే అప్పటికే వాళ్లు లోకాన్ని చూసి సగం తీరు నేర్చేసుకుని ఉంటారు. ఆడవాళ్లు మరీను. నవ్వాల్సిన చోట నవ్వుతారు, తలూపాల్సిన చోట ఊపుతారు. ఇంటికెళ్లి తలుపేసుకుని జ్వరం వచ్చినవాళ్లలా పడుకుంటారు. ఆ అలుపు గురించి అడగండి. అందరూ మర్చిపోయి అడగనిది అదే.

కోటేశ్వరి తల్లి పోయింది. రమణయ్యను అడిగితే, "చిన్నప్పట్నించీ మా కోటి అదో రకమండి" అన్నాడు, అంతే. అడగ్గా అడగ్గా బడిలో గ్రేసమ్మ టీచరు గుర్తొచ్చింది అతనికి. ఒక ఆదివారం పొదిలి బస్సెక్కాను. టీచరు గారు అప్పుడే చర్చి నుంచి వచ్చి, మజ్జిగ ఇచ్చి, గుక్క తిప్పుకోకుండా చెప్పారు. నాలుగేళ్లొచ్చినా మాట లేదట. వచ్చాక మాత్రం ముక్కలు ముక్కలుగా కాదు, పెద్దవాళ్లలాగా నిండు వాక్యాలే. పిల్లలు ఆడుకుంటుంటే దూరంగా కూర్చుని చింతగింజలు వరసగా పేర్చేదట. ఎవరైనా ఒక గింజ కదిపితే పొద్దుగూకేదాకా ఏడుపు.

"ఏడ్చేదా?" అన్నాను.

"అయ్యో, ఎంత ఏడ్చేదనుకున్నారు! బడి గంట కొట్టినా అంతే, చెవులు మూసుకుని వణికిపోయేది. చివరికి ఆ గంట కొట్టే పని దానికే ఇచ్చానండి. తను కొడితే భయం లేదు, ఎప్పుడు మోగుద్దో తెలుసు గదా! ఏడిస్తే వాళ్లమ్మ కొట్టేది. ఆడపిల్ల ఊరికే ఏడిస్తే ఇంటికి అరిష్టమని ఆవిడ నమ్మకం. అట్టా ఏడుపు మాన్పించారు దానికి."



తిరిగొచ్చి పెద్ద డాక్టరు గారితో వాదన పెట్టుకున్నాను. ఇంజెక్షన్లకు ఆమె చేతులు బిగుసుకుపోయి, ముద్ద నోటిదాకా పోవడం లేదు. పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను, టీచరమ్మ చెప్పినవన్నీ చెప్పాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఆ చిన్న అక్షరాలు రెండుసార్లు చదివారు. "కావచ్చునమ్మా. మనం పొరబడ్డాం" అని, ఆ రోజే ఇంజెక్షన్లు ఆపించారు. అలా అనగలిగిన అధికారి కింద పనిచేశాను, అది నా అదృష్టం.

ఆయన అన్న ఆ "కావచ్చు" అనే మాట వదలకండి. ముభావంగా ఉన్న ప్రతివాడికీ, ఇంటర్లో ఫ్రెండ్స్ లేని ప్రతి పిల్లకీ ఈ పేరు తగిలించుకుంటూ పోతే అదీ పాపమే. బెంగ ఉండొచ్చు, సిగ్గు ఉండొచ్చు, ఇంట్లో తన్నులు ఉండొచ్చు. ఒక్కసారి కూర్చోబెట్టి తేల్చకండి.

పేరు పెట్టాక జరిగింది

కోటేశ్వరిది పిచ్చి కాదని అత్తగారి ఊరు వెళ్లి నేనే చెబుతానన్నాను. చెబితే పిల్లను ఇచ్చేస్తారని నమ్మకం. సామ్రాజ్యమ్మ గారి వసారాలో పెద్దలు కూర్చున్నారు. రమణయ్య, కోటేశ్వరి ఒక పక్క నిలబడ్డారు. అనూష లోపలి గుమ్మంలోంచి తొంగి చూస్తోంది. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఇది పుట్టుకతో వచ్చిన తీరు, చెడ్డతనం కాదు, మొగుడి మీద ప్రేమ లేక కాదు, పిల్లను చక్కగా పెంచుకోగలదు అని.

అంతా విని, ఒక పెద్దాయన సావధానంగా అడిగాడు. "అంటే పిచ్చి కాదంటారు."

"కాదండి."

"మరి దీనికేదో పేరుందన్నారు. మందుందా అమ్మా?"

"మందుతో పోయేది కాదండి. అది ఆమె తీరు."

"అదేనమ్మా మేం అనేది కూడా! పిచ్చయితే మందేసుకుంటే తగ్గుద్ది. ఇది చచ్చేదాకా పోదని నువ్వే చెబుతున్నావు. అట్టాంటి మనిషి చేతిలో ఆడపిల్లనెట్టా పెడతాం?"

ఆమెను కాపాడుతుందని తీసుకెళ్లిన పేరు, ఆమె మీదికే తిరిగింది. మీరు ఒక పేరు పెట్టేటప్పుడు అది ఎవరి చేతుల్లో పడుతుందో కూడా చూసుకోవాలి. పుస్తకంలో ఉన్నంతసేపు అది మనది. వసారాలోకి వచ్చాక వాళ్లది.

సామ్రాజ్యమ్మ గారు పైట సర్దుకుని లేచారు. "నేనేం రాక్షసిని కాదమ్మా. తల్లినీ పిల్లనీ విడదీసిన పాపం నాకొద్దు. సంవత్సరీకానికి రమ్మనండి. నా కొడుకు ఫొటో ముందు కూర్చుని, పెళ్లాం ఏడ్చినట్టు ఏడవమనండి. వాడి మీద ప్రేముంటే ఏడుపు అదే వస్తది. ఆ రోజే పిల్లని చేతిలో పెడతా."

"న్యాయంగానే ఉంది" అన్నారు పెద్దలు. కోర్టుకెళ్దామా అని బస్టాపులో రమణయ్యను అడిగాను. "మా వల్ల కాదండి" అని తల దించుకున్నాడు.

ఏడుపు పాఠాలు

వారం తిరక్కుండా కోటేశ్వరి పొదిలి నుంచి వచ్చింది. ఆ రోజు నమస్కారం కూడా పెట్టకుండా, "ఏడవడం నేర్పండి" అంది.

వద్దన్నాను. నువ్వు ఉన్నట్టే ఉండొచ్చని ఊరికి పోయి పెద్దల ముందు చెప్పిన దాన్ని, నేనెలా నేర్పుతాను?

"నవ్వడం టీచరు గారిని చూసి నేర్చుకున్నానండి. పలకరించడం మా వదినని చూసి నేర్చుకున్నా. అత్త ఏడుపు అప్పుడు చెవులు మూసుకుని సరిగ్గా వినలేదు. మీరు నేర్పితే వస్తది. నాకు పాప కావాలి."

నేర్పాను. నా సాటి ఉద్యోగులు కొందరు తప్పంటారు, అననీయండి. నేర్పనంటే ఆమె ముందున్న ఒక్క దారీ మూసేసినట్టే. నెలనెలా వచ్చేది. గుండె మీద చెయ్యి ఎప్పుడు వేసుకోవాలి, ఊపిరి ఎక్కడ తెంపాలి, "ఓ అయ్యో" అని ఏ స్థాయిలో ఎత్తుకోవాలి, తల ఎలా ఊపాలి. ఒకసారి వార్డు నర్సు ఎవరో పోయారనుకుని పరిగెత్తుకొచ్చింది. అక్కడ మేమిద్దరం ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని ఉన్నాం.

శోకంలో శ్రీను గురించి ఏమని చెప్పుకుంటావంటే ఆలోచించి, "ఇంటికొచ్చేటప్పుడు సైకిలు బెల్లు కొట్టేవాడు కాదండి. నాకు ఉలికిపాటని" అంది. ఇంకా? "అన్నం తినేటప్పుడు మాట్లాడించేవాడు కాదు." ఇంకా? "నన్ను పొగరుబోతని ఎవరన్నా అంటే వాళ్లింటికి పోవడం మానేసేవాడు." ఇన్నేళ్ల సర్వీసులో మొగుడి గురించి ఏ పెళ్లామూ నాతో ఇంత గొప్ప మాటలు చెప్పలేదు. ఆ మాటలనే రాగంలో పెట్టించాను.

సంవత్సరీకం

నేనూ వెళ్లాను. శ్రీను ఫొటోకి బంతిపూల దండ వేసి, ముందు దీపం పెట్టారు. వసారా నిండా చుట్టాలు. కోటేశ్వరి ఫొటో ముందు కూర్చుని, గుండె మీద చెయ్యి వేసుకుని అందుకుంది.

చెబితే నమ్మరు. ఆ ఇల్లంతా కదిలిపోయింది. "బెల్లు కొట్టకుండా వచ్చేవాడివయ్యో, నా చెవులు నొస్తాయని నీకే తెలుసయ్యో" అని ఆమె తీసిన రాగానికి వెనక కూర్చున్న ఆడవాళ్లందరూ ముక్కులు చీదారు. సామ్రాజ్యమ్మ గారు ఒక్క ఉదుటున వచ్చి కోడలి మెడ పట్టుకున్నారు. కోటేశ్వరి ఒళ్లంతా కొయ్యలా బిగుసుకుంది. అయినా తోసేయలేదు, రాగం ఆపలేదు.

"నా తల్లే, నా తల్లే! ఇన్నాళ్లూ ఏడ పెట్టుకున్నావే ఈ దుఃఖం!" అని, సామ్రాజ్యమ్మ గారు గుమ్మం వైపు తిరిగి, "అనూషా! రావే, మీ అమ్మ దగ్గరికి పో" అని పిలిచారు.

పిల్ల రాలేదు. గుమ్మం పట్టుకుని వణికిపోతోంది. తన తల్లి గొంతు అలా ఉండగా ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ వినలేదు. రెండు చెవులూ మూసుకుని, "అమ్మ కాదు! అమ్మ కాదు!" అని కెవ్వున అరిచింది.

కోటేశ్వరి చూసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏడుపు ఆపితే ఈ జనం ఏమంటారో ఆమెకు తెలుసు, నెలల తరబడి ఇద్దరం అనుకున్నదే. నేను కళ్లతోనే బతిమాలాను, ఇంకొక్క నిమిషం ఓర్చుకోమని.

ఆపేసింది. మాట మధ్యలో, కొళాయి కట్టేసినట్టు. అత్త చేతులు మెల్లగా విడిపించుకుంది. పిల్ల దగ్గరికి వెళ్లలేదు, పిలవలేదు. నాలుగడుగుల దూరంలో నేల మీద కూర్చుని, అరచెయ్యి పైకి తిప్పి కింద పెట్టి, పక్కకు చూస్తూ ఊరుకుంది. కాసేపటికి పిల్ల చెవుల మీంచి చేతులు తీసింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, ఆ అరచేతిలో తన చెయ్యి పెట్టింది.

నా సర్వీసు మొత్తంలో అంత చక్కటి తల్లిని నేను చూడలేదు. ఆ వసారాలో ఉన్న మిగతావాళ్లు చూసింది మాత్రం ఆమె పొడి కళ్లు.

"చూశారా! బొట్టు నీళ్లు లేవు! అంతా నాటకం!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. సామ్రాజ్యమ్మ గారి మొహం నల్లబడింది. కొడుకు పేరు మీద తనతో ఆటాడుకున్నారన్న అవమానం అది. వచ్చి, పిల్లను రెక్క పట్టి లోపలికి తీసుకుపోయారు. నేను ఎంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖమే అయింది. మళ్లీ ఈ గడప తొక్కొద్దని కోటేశ్వరికి చెప్పించారు.

బస్సులో నేనే ఉండబట్టలేక అన్నాను. "ఇంకొక్క నిమిషం ఏడ్చి ఉంటే పిల్ల నీ ఒళ్లో ఉండేది కదమ్మా."

"ఒక్క నిమిషం చాలా ఎక్కువండి" అంది. "అట్టాంటి నిమిషం ఎంతుంటదో నాకు తెలుసు."

కాలేజీ నుంచి వచ్చిన పిల్ల

నా రిటైర్మెంటు దగ్గరపడ్డాక ఒక పొద్దున సామ్రాజ్యమ్మ గారు మళ్లీ మా వరండాలో కనపడ్డారు. వంగిపోయారు, కర్ర వచ్చింది. పక్కన అనూష. ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టలుండే కాలేజీలో చేర్పించారట. బళ్లో ఉన్నన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు. మార్కులొచ్చేవి, పక్క పిల్లల్ని చూసి వాళ్లలాగే మాట్లాడేది. హాస్టల్లో గదికి అంతమంది, తెల్లారకముందే బెల్లు, మెస్సులో పళ్లేల మోత. ఆ పిల్ల బాత్రూంలో గడియ పెట్టుకుని గంటలు గంటలు బయటికి రావడం లేదట. మాట కూడా పోయింది. ఎవరినో ప్రేమించి ఉంటుందని లెక్చరర్లు తేల్చేశారు. టీనేజీ పిల్లలు మీ దగ్గరికి ఇలాగే వస్తారు, పొగరనో ప్రేమనో ఎవరో ఒకరు ముందే తేల్చేసి పంపుతారు.

పసితనం గురించి అడిగాను. సామ్రాజ్యమ్మ గారు అడగనివి కూడా చెప్పారు. ఒకే పళ్లెంలో తింటుందని, తల దువ్వేటప్పుడు ఏడుస్తుందని, గట్టిగా మాట్లాడొద్దని ఇంట్లో అందరికీ తానే చెప్పానని. ఒకప్పుడు కోడల్లో తిట్టినవన్నీ మనవరాల్లో ముద్దుగా చెబుతున్నారు.

చివరికి గొంతు తగ్గించి అడిగారు. "వాళ్లమ్మ పోలికే గదమ్మా?"

"కావచ్చునండి."

కర్ర మీద గడ్డం ఆనించారు. "అది ఏడుందో పిలిపించండి. ఈ పిల్లతో ఏం చెయ్యాల్నో నాకు తెలీట్లా."

కోటేశ్వరి పొదిలిలోనే ఉంది, గ్రేసమ్మ టీచరు గారింట్లో బట్టలు కుడుతోంది. రమణయ్యకు ఫోను చేశాను. మర్నాడు వచ్చింది. జుట్టు నెరిసింది. కూతుర్ని చూసి మీద పడలేదు, ఏడవలేదు. బెంచీకి ఆ చివర కూర్చుంది. ఇద్దరూ ఎదురుగా ఉన్న గోడ వైపే చూస్తున్నారు. నేను బల్ల దగ్గర ఏదో రాసుకుంటున్నట్టు నటిస్తూ ఊరుకున్నాను. వారం రోజులుగా నోరు విప్పని పిల్ల, గోడ వైపు చూస్తూనే అడిగింది.

"ఆ రోజు ఎందుకట్టా అరిచావు?"

"అరిస్తే నిన్ను నాకిస్తామన్నారు."



"మరి ఎందుకు ఆపేశావు?"

"నువ్వు భయపడ్డావు గదా."

సామ్రాజ్యమ్మ గారు అక్కడే, నా పక్క కుర్చీలో ఉన్నారు. అంతా విన్నారు.